బిగించాక తల వాల్చని బాల్ హెడ్డు: బల్లమీది ట్రైపాడుతో కొన్నేళ్లు

బల్లమీది చిన్న ట్రైపాడు కొనబోయేవారు మొదట అడిగేవి రెండే: ఎంత బరువు మోస్తుంది, ముడిస్తే ఎంత పొడవు ఉంటుంది. కొన్నేళ్ల వాడకం తర్వాత నేను ఆ రెండింటినీ చివరికి నెట్టేశాను. కాళ్ల మీద కెమెరాను పట్టి ఉంచే భాగమే బాల్ హెడ్డు, అంటే గిన్నెలో ఎటైనా తిరిగే ఒక గోళం, దాన్ని బిగించే నాబు. ఆ నాబు బిగించి చెయ్యి తీశాక కెమెరా నేను పెట్టిన చోటే నిలుస్తుందా, ముక్కు కాస్త కిందికి దించుతుందా అన్నదే ఇప్పుడు నా మొదటి ప్రశ్న. ఇలా ముక్కు దించే హెడ్ల మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. ఈ సమీక్షలో అధిక భాగం ఆ కోపానికే పోతుంది. కాళ్ల పొడవు, రంగు, వెంట వచ్చే సంచీ వంటివి అమ్మేవారి పేజీలో ఎలాగూ ఉంటాయి కనుక వాటి జోలికి పోను.

నాది ఒక అంగుళం సెన్సరు ఉన్న జేబు కాంపాక్టు, బరువు సుమారు 300 గ్రాములు. నేను ఉండేది విజయనగరంలో. తీసేవి ఎక్కువగా చేతిపనుల ఫొటోలు: బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో తయారయ్యే వీణలు, శ్రీకాకుళం జిల్లా బుడితి ఇత్తడి పాత్రలు, పొందూరు నూలు. ఇవన్నీ వెలుతురు తక్కువగా ఉండే గదుల్లో, కిటికీలోంచో గుమ్మంలోంచో వచ్చే వెలుగులో, దగ్గర నుంచి తీయవలసినవి. ఫ్లాషు వేస్తే ఇత్తడి మీద తెల్లని మచ్చ పడుతుంది, పనస చెక్క మీది ఉలి జాడలు చదునుగా కనిపిస్తాయి. అందుచేత అర సెకనో, ఒక్కోసారి రెండు సెకన్లో షట్టరు తెరిచి ఉంచక తప్పదు. పైగా అక్కడివారు నేల మీద కూర్చుని పనిచేస్తారు, చుట్టూ పనిముట్లూ చెక్క ముక్కలూ పరచి ఉంటాయి. అటువంటి చోట పెద్ద ట్రైపాడు కాళ్లు చాచడం వారి పనికి అడ్డు తగలడమే.

మొదట కొన్నది ప్లాస్టిక్ కాళ్లది, హెడ్డు కాళ్లతో కలిసే వచ్చింది. పెట్టె మీద 2 కిలోల వరకు మోస్తుందని అచ్చువేసి ఉంది. ఇంటి డాబా గోడ మీద పెట్టి సాయంత్రపు ఆకాశాన్ని తీసినప్పుడు దానికి వంక పెట్టడానికి ఏమీ కనిపించలేదు. జేబులో పడుతుంది, చవక, చూడముచ్చటగా ఉంది అని స్నేహితులకు చెప్పాను కూడా. ఆ మాటలు అబద్ధం కావు. జూము వెనక్కి లాగి దూరపు దృశ్యాన్ని తీస్తున్నప్పుడు ఫ్రేములో నిలువుగా 50 డిగ్రీలకు పైగా పడుతుంది కాబట్టి, కెమెరా ఒక డిగ్రీ వాలినా మనకు తెలియదు. తెలిసేది దగ్గరకు వెళ్లినప్పుడే.

గొల్లపల్లిలో జరిగింది అదే. బొబ్బిలి వీణను ఏకాండి వీణ అంటారు, అంటే కుండ, దండి, మెడ అంతా ఒకే పనస మానులోంచి తొలిచినది. దానికి 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ రోజు నేను తీయదలచినది దండి చివర వంగి ఉండే యాళి, అంటే సింహం వంటి కల్పిత మృగం, ముఖం. అప్పటికి కోరలు చెక్కడం పూర్తయింది, పాలిషు ఇంకా పడలేదు, గుమ్మంలోంచి ఏటవాలుగా వచ్చే వెలుగులో ప్రతి ఉలి గాటూ విడిగా కనిపిస్తోంది. అర మీటరు దూరంలో కెమెరా పెట్టి, జూము ముందుకు జరిపి, పది సెంటీమీటర్ల ఎత్తు మాత్రమే ఫ్రేములో పడేలా అమర్చి నాబు బిగించాను. చెయ్యి తీయగానే యాళి కళ్లు ఫ్రేము పై అంచుకు వెళ్లిపోయాయి. ఆ దూరంలో ఒక డిగ్రీ వాలు అంటే సుమారు 9 మిల్లీమీటర్లు, అంటే ఫ్రేము ఎత్తులో దాదాపు పదకొండో వంతు. మళ్లీ సర్దాను, మళ్లీ వాలింది. ఎంత వాలుతుందో అంచనా వేసి అంత పైకి గురిపెట్టే ఉపాయం పాతదే. కానీ ఆ హెడ్డు ఒకసారి వాలినంత ఇంకోసారి వాలేది కాదు కాబట్టి ఆ ఉపాయమూ సాగలేదు.

ఇంత జరుగుతుంటే పక్కన వీణ దండి నునుపు చేస్తున్న పెద్దాయన చాలాసేపు ఊరకే చూసి, “మాస్టారూ, మీ కెమెరాకి నిద్దరొస్తన్నట్టుంది, తల వాల్చేస్తంది సూడండి” అన్నారు. నేను నవ్వలేకపోయాను. ఆయన లేచి, కింద పడి ఉన్న పనస ముక్కను రెండు దెబ్బల్లో ఏటవాలుగా కోసి, కెమెరా అడుగుకూ హెడ్డు గిన్నె అంచుకూ మధ్య ముందువైపు దూర్చారు. కెమెరా ఆగింది. ఆ కోణంలో మాత్రమే ఆగింది, ఇంకో కోణానికి ఇంకో ముక్క కావాలి, అయినా ఆ రోజు పనికొచ్చిన ఫొటోలన్నీ ఆ చెక్క పుణ్యమే. ఈలోగా గుమ్మంలోని ఎండ పక్కకు జరిగిపోయి కోరల నీడలు పోయాయి.

ఇంటికి వచ్చి అమ్మినవారికి విషయం రాశాను. బరువు పరిమితికి లోబడి వాడండి అని జవాబు వచ్చింది. 300 గ్రాముల కెమెరాకు 2 కిలోల పరిమితిని గుర్తుచేయడంలో వారి ఉద్దేశం నాకు ఇప్పటికీ బోధపడలేదు. కానీ ఆ జవాబు వల్లనే ఆ అంకె ఏం చెబుతుందో, ఏం చెప్పదో ఆలోచించవలసి వచ్చింది. నిటారుగా నిలబెట్టి పైన పెడితే ఎంత బరువు ఆగుతుందన్నది ఒక సంగతి. పక్కకు వంచినప్పుడు, లెన్సు ముందుకు సాగి బరువు కెమెరా అడుగున ఉన్న మర గుంటను దాటి ముందుకు జరిగినప్పుడు గోళం తిరగకుండా ఉంటుందా అన్నది పూర్తిగా వేరే సంగతి. చాలా పెట్టెల మీది అంకె మొదటిదాని గురించే.

వాలడం కూడా ఒకే రకం కాదు. బిగిస్తున్నప్పుడే గిన్నె గోళాన్ని ఒక పక్కకు తోయడం వల్ల ఫ్రేము జరగడం ఒకటి. ఇది పక్కకైనా పైకైనా కావచ్చు. బిగించి చెయ్యి తీశాక గోళానికీ కెమెరాకూ మధ్య ఉండే కాడ, ప్లాస్టిక్ అయితే గిన్నె కూడా, బరువుకు కాస్త వంగి కెమెరా దిగడం రెండోది. ఈ రెండూ విసిగిస్తాయే తప్ప ఫొటోను పాడుచేయవు, ఎందుకంటే షట్టరు తెరిచేలోగా కదలిక అయిపోతుంది. మూడోది మాత్రం దొంగది. గోళం కంటికి కనిపించనంత నెమ్మదిగా, షట్టరు తెరిచి ఉన్నంతసేపూ జారుతూనే ఉంటుంది. ఫొటో నిలువుగా చెదిరి వస్తుంది, మనం ఫోకసునో చేతి అదురునో తప్పుపడతాం. నా మొదటి హెడ్డులో మూడూ ఉన్నాయి.

రెండోసారి కాళ్లు, హెడ్డు విడివిడిగా కొన్నాను. కాళ్లు పొట్టి అల్యూమినియంవి. హెడ్డు పూర్తిగా లోహం, గోళం అడ్డకొలత సుమారు 30 మిల్లీమీటర్లు, అంటే మొదటిదానికి దాదాపు రెట్టింపు. గోళం పెద్దదైనకొద్దీ అదే బిగువుతో ఎక్కువ తిప్పుడు బలాన్ని ఆపగలదు, ఎందుకంటే పట్టు ఉన్న చోటు కేంద్రానికి దూరంగా ఉంటుంది. నాకు తెలిసినంతలో చిన్న హెడ్లను పోల్చుకోవడానికి బరువు పరిమితి కంటే గోళం కొలతే నమ్మదగినది. విడిగా కొనేవారు బిగించే మర కొలత కూడా చూసుకోవాలి. కెమెరా అడుగు గుంట పావు అంగుళానిది, అంగుళానికి 20 చుట్లు. కాళ్లకూ హెడ్డుకూ మధ్య కొన్నింటిలో అదే ఉంటుంది, కొన్నింటిలో 3/8 అంగుళం, 16 చుట్లు. తేడా వస్తే మధ్యలో ఒక చిన్న బుష్షు వేసుకోవాలి.

నిజంగా నన్ను మెప్పించినది మాత్రం పెద్ద గోళం కాదు, పెద్ద నాబు పక్కన ఉన్న ఫ్రిక్షన్ మర. కొన్నప్పుడు దాన్ని నేను పట్టించుకోలేదు. పెద్ద నాబు పూర్తిగా వదిలినా గోళం ఎంత బిరుసుగా తిరగాలో ఆ మర నిర్ణయిస్తుంది. నా కెమెరా బరువుకు సరిపడా దాన్ని ఒకసారి సర్దుకున్నాక, కెమెరాను ఎటు వంచి వదిలినా అక్కడే ఆగుతుంది, తోస్తేనే కదులుతుంది. అప్పుడు పెద్ద నాబును ఊరికే కొద్దిగా తిప్పితే చాలు. గోళం అప్పటికే గిన్నెలో గట్టిగా కూర్చుని ఉంటుంది కాబట్టి బిగించేటప్పటి జరుగుడు దాదాపు ఉండదు. ఈ ఒక్క మర కోసమే నేను ఈ హెడ్డును ఇన్నాళ్లు ఉంచుకున్నాను. చిన్న హెడ్లలో చాలావాటికి ఇది ఉండదు, ఒకే నాబు ఉంటుంది, కొన్నింటికి నొక్కి పట్టుకునే బొత్తం ఉంటుంది. బొత్తం పద్ధతి చేతికి హాయిగానే ఉంటుంది కానీ, దగ్గరి ఫొటోలకు దాని పట్టు నాకు చాలలేదు.

కొత్త హెడ్డు చేతికి రాగానే ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. గోడ మీది క్యాలెండరు ఎదురుగా అర మీటరు దూరంలో కెమెరా పెట్టి, జూము పూర్తిగా సాచి, తెర మీది గళ్ల గీతను ఒక అంకె అంచుకు సరిచేసి బిగించాలి. చెయ్యి తీసి ఎంత జరిగిందో చూడాలి. ఆ తర్వాత తెరను పెద్దది చేసి, ఒక నిమిషం ముట్టుకోకుండా ఊరకే చూడాలి. మొదట్లో కాస్త జరిగినా తర్వాత నిలిచిపోతే దానితో సర్దుకుపోవచ్చు. నిమిషం గడిచినా గీత కదులుతూనే ఉంటే తిరిగి పంపేయడమే మంచిది, గడువు దాటనివ్వకండి.

పొందూరులో ఈ ట్రైపాడు పొట్టితనం కలిసివచ్చింది. అక్కడ వడికేవారు నేల మీద కూర్చుంటారు. పత్తిని శుభ్రం చేసి దువ్వడానికి వాలుగ చేప దవడ ఎముకను వాడతారు, ఆ సన్నని పళ్ల వరుసను తీయాలంటే కెమెరా నేలకు జానెడు ఎత్తులో ఉంటే చాలు. రాట్నం చక్రం తిరుగుతున్నట్టు కనిపించి, వేళ్లూ దారమూ నిలకడగా ఉండాలంటే పావు సెకను ప్రాంతంలో షట్టరు బాగుంటుంది. సిమెంటు నేల మీద పెడితే ఇబ్బంది లేదు. రాట్నం బిగించిన చెక్క మీదే కాళ్లు పెడితే మాత్రం ప్రతి తిప్పుకూ కెమెరా అదురుతుంది, దానికి ఏ హెడ్డూ ఏమీ చేయలేదు.

ఇప్పుడు కొన్ని సవరణలు. ఇదే హెడ్డు గురించి మొదట్లో నేను ఒకరిద్దరికి, నిలువు ఫొటోలకు గిన్నె అంచున ఉన్న గాడి అద్భుతమని చెప్పాను. గాడి మంచిదే, కానీ కెమెరాను అందులోకి 90 డిగ్రీలు వాల్చితే బరువంతా కాళ్ల నడుమ నుంచి బయటికి పోతుంది. పొట్టి కాళ్ల మీద అది చాలా తొందరగా బోర్లా పడుతుంది. గాడిని సరిగ్గా ఒక కాలు పైకి తిప్పి పెడితేనే నిలుస్తుంది, ఆ తిప్పడం ప్రతిసారీ గుర్తుంచుకోవాలి. కెమెరా అడుగున బిగించే ప్లేటును పట్టే క్లాంపు ఆర్కా తరహాది, అంటే ప్లేటును రెండు పక్కల నుంచి బిగించి పట్టేది, పట్టు బాగుంటుంది, దాన్నీ పొగిడాను. అయితే ఆ ప్లేటు వెడల్పు సుమారు 38 మిల్లీమీటర్లు, నా కాంపాక్టు అడుగు మందమూ ఇంచుమించు అంతే, ఫలితంగా బ్యాటరీ మూత మూసుకుపోతుంది. బ్యాటరీ మార్చాలంటే ప్లేటు విప్పాలి, విప్పితే ఫ్రేము పోతుంది. కాళ్లూ హెడ్డూ కలిపి కెమెరా కంటే బరువన్న సంగతి కూడా దాచను. జేబులో పెట్టుకుందామని చిన్న కెమెరా కొన్నవాడు దాన్ని నిలబెట్టడానికి సంచీ మోయడం మా ఇంట్లో అందరికీ వేడుక.

కళింగపట్నం తీరానికి రెండు మూడేళ్లుగా తీసుకువెళ్లిన ఫలితం మెల్లగా కనిపిస్తోంది. అల్యూమినియం భాగాలకు ఏమీ కాలేదు, మర చుట్ల మూలల్లో తెల్లని పొడి మాత్రం పేరుకుంటుంది. క్లాంపులోని ఉక్కు మర తుప్పు పట్టి, ఇప్పుడు తిప్పితే కిర్రుమంటుంది. ఇంటికి రాగానే మంచినీటి తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం కంటే నాకు వేరే ఉపాయం దొరకలేదు. మరకు కాస్త నూనె వేసినా, గోళానికి మాత్రం ఏ నూనే తగలనివ్వను. దాని పట్టంతా రాపిడిలోనే ఉంది. వేళ్ల జిడ్డు అంటినా పొడి గుడ్డతో తుడుస్తుంటాను.

ఇంకొక మాట, ఇది హెడ్డుకు సంబంధించింది కాకపోయినా కొనేముందు తెలిస్తే మంచిది. శ్రీముఖలింగం, శాలిహుండం వంటి పురావస్తు శాఖ రక్షణలోని చోట్ల ట్రైపాడు వాడటానికి ముందుగా అనుమతి కావాలి. బల్లమీదిదైనా అది ట్రైపాడే. చిన్నది కాబట్టి ఎవరూ అడగరన్న నమ్మకంతో కొనవద్దు.

నా పని దగ్గరి వస్తువులు, నిదానంగా తీసే ఫొటోలు, సగం చీకటి గదులు. అందుకే ఫ్రిక్షన్ మర ఉన్న లోహపు హెడ్డుకు నా ఓటు, బరువు ఎక్కువైనా, ధర మొదటిదానికి ఎన్నో రెట్లైనా. ఫోనుతో వీడియోలు తీసుకునేవారికీ, కుటుంబంతో గుంపు ఫొటో కోసం పది సెకన్ల టైమరు పెట్టి పరుగెత్తేవారికీ ఇంత అవసరం ఉండకపోవచ్చు, వారికి నా పాత ప్లాస్టిక్ దానివంటిదే చాలేమో. అది ఇప్పుడు మా అబ్బాయి ఫోనుకు ఉంది, వాడు ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ చేయలేదు. నేను తర్వాత కొనదలచింది హెడ్డు కాదు, బ్యాటరీ మూత తెరుచుకునేలా ఒక పక్కకు జరిపి బిగించుకోగల సన్నని ప్లేటు. అటువంటిది నా కెమెరాకు సరిపోయేది దొరికితే ఈ హెడ్డును మార్చే ఆలోచన ఇప్పట్లో లేదు.