ఓపెన్‌సీక్రెట్స్ సైట్: ఎవరి వెనక ఎవరి డబ్బు ఉందో చూడాలంటే

అమెరికా ఎన్నికల్లో డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలియాలంటే నేను ముందు తెరిచేది ఈ సైటే, ఉచితం కూడా. సెనేటర్ పేరు కొడితే చాలు, ఏ రంగం వాళ్లు ఎంతెంత ఇచ్చారో వరసగా వస్తుంది; మందుల కంపెనీల వాళ్ల దగ్గర విరాళాలు తీసుకున్న మనిషే రేపు మందుల ధరల బిల్లు మీద ఓటేస్తాడు కదా, అది చూస్తే కడుపు మండుతుంది. అభ్యర్థికి ఒకరిచ్చిన మొత్తం 200 డాలర్లు దాటితే దాత పేరు, ఉద్యోగం బయటపెట్టాల్సిందే, ఆ లెక్కలే ఇక్కడ సులువుగా సర్దిపెట్టారు. కానీ 2010లో అమెరికా సుప్రీంకోర్టు ఇచ్చిన సిటిజన్స్ యునైటెడ్ తీర్పుతో కంపెనీలు, యూనియన్లు ప్రచారానికి సొంతంగా ఎంతైనా ఖర్చు పెట్టొచ్చు, పైగా కొన్ని లాభాపేక్ష లేని సంస్థలు దాతలెవరో చెప్పక్కర్లేదు, అక్కడ పేర్లు దొరకవు. తప్పు సైటుది కాదు, చట్టంలోనే కంత ఉంది. లాబీయింగ్ పేజీ, అంటే చట్టాలు తమకు అనుకూలంగా ఉండేలా నేతల్ని ఒప్పించడానికి ఎవరెంత ఖర్చు పెట్టారో చూపే పేజీ, మాత్రం వదలకండి.