బుగ్గ మీద మసాలా డబ్బా: ఓల్డ్ స్పైస్ లోషన్‌తో నా అనుభవం

చిన్నప్పుడు రాజోలు దగ్గర మా ఊళ్లో గడ్డం గీసుకున్నాక మగవాళ్లు రాసుకునేది పటిక ఒక్కటే. సెలూన్‌లో అయితే తడిపిన పటిక ముక్క బుగ్గల మీద రుద్ది, మెడ వెనక కాస్త పౌడరు కొట్టి, తువ్వాలు దులిపి పంపేసేవారు. మస్కట్‌లో పనిచేసే మా మావయ్య సెలవులకు వచ్చిన నెల మాత్రం పొద్దున్నే ఇల్లంతా వేరే వాసన. తెల్ల సీసా, దాని మీద తెరచాప ఓడ బొమ్మ. అరచేతిలో నాలుగు చుక్కలు ఒంపుకుని రెండు బుగ్గల మీదా టపటపా కొట్టుకుని "ఉస్స్..." అనేవాడు. వాసన సంగతి అటుంచి, ఆ "ఉస్స్" అనడం కోసమే త్వరగా గడ్డం రావాలని మాకు ఆరాటంగా ఉండేది.

అదే ఓల్డ్ స్పైస్ ఆఫ్టర్‌షేవ్ లోషన్. నా సొంత సీసా 2006లో హైదరాబాద్‌లో మొదటి జీతంతో కొన్నాను. అప్పటి నుంచి ఒరిజినల్ రకమే వాడుతున్నాను. మధ్యలో ఒకసారి అందులోనే మస్క్ అనే ఇంకో రకం తెచ్చాను. బాగానే ఉంది గానీ నాకు కావాల్సింది అది కాదు. వారానికి నాలుగుసార్లు షేవింగ్ చేసుకుంటాను, 100 మి.లీ. సీసా దాదాపు ఐదు నెలలు వస్తుంది.

ఇక వాసన. మూత తీయగానే ముక్కుకు తగిలేది ఆల్కహాల్. దాన్ని బట్టి తీర్పు చెప్పేసి సీసా పక్కన పెట్టేసినవాళ్లను చాలామందిని చూశాను. రెండు నిమిషాలు ఆగాలి. ముందు నారింజ తొక్క గిల్లినట్టు ఒక పులుపు వస్తుంది, అది ఎంతోసేపు నిలవదు. వెనకే లవంగం, దాల్చినచెక్క, జాజికాయ వస్తాయి. పది నిమిషాలకు ఘాటు మెత్తబడి, అడుగున తీపి వాసన ఒకటి తేలుతుంది. వెనిల్లా అనొచ్చు గానీ నాకు మాత్రం సాంబ్రాణి కడ్డీ ఆరిపోయిన తర్వాత గదిలో మిగిలే వాసనలా అనిపిస్తుంది. ఇది నా ముక్కు చేసే మాయ కాదు. సాంబ్రాణి బంకలోనే వెనిల్లాలో ఉండే వాసన పదార్థం సహజంగా కొంత ఉంటుంది.

పెళ్లైన కొత్తలో ఒకరోజు మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి, "ఏవండీ, గరం మసాలా డబ్బా గానీ పడేశారా?" అని అడిగింది. నవ్వుకున్నాం గానీ అది మంచి ప్రశ్నే. ఇంత మసాలా ఉండి కూడా ఇది మనిషిని బిర్యానీ హండీలా ఎందుకు చెయ్యదు? నాకు తోచిన జవాబు పౌడరు. లవంగం ఘాటుకు కారణం యూజినాల్ అనే పదార్థం. పళ్ల డాక్టరు గదిలో వచ్చేదీ దాని వాసనే, అందుకే కొందరికి ఈ లోషన్ పూయగానే పన్ను పీకించుకున్న రోజు గుర్తొస్తుంది. అయితే అదే యూజినాల్ కార్నేషన్ పువ్వు వాసనలోనూ ఉంటుంది. మసాలా చుట్టూ పూలూ, పౌడరు లాంటి మెత్తదనమూ చేరేసరికి అది వంటింటి గుమ్మం దాటి అద్దం ముందుకొస్తుంది. నూనె వాసన, ఉల్లిపాయ వాసన ఉండవు కదా, ఆకలి వెయ్యదు.

అమెరికావాళ్లు "బార్బర్‌షాప్ వాసన" అనేది ఈ కుటుంబాన్నే: షేవింగ్ సబ్బు, టాల్కం పౌడరు, లావెండర్, వెస్టిండీస్ నుంచి వచ్చిన బే రమ్. అక్కడ బే చెట్టు ఆకుల్ని రమ్ములో వేసి బట్టీ పట్టేవారు, దానిలోనూ లవంగం ఛాయే. మన సెలూన్‌లో వీటిలో పౌడరు ఒక్కటే కలుస్తుంది. మిగతాదంతా పటిక, డెటాల్ కలిపిన నీళ్లు. మరి ఆ వాసన మనకు పరాయిగా ఎందుకు అనిపించలేదంటే, అందులో సగం సరుకు మన ఇళ్లలో ఎప్పటి నుంచో ఉన్నదే.

ఇంకో తమాషా ఉంది. ఇంత "మగ" వాసనగా పేరుపడ్డ ఈ ఓల్డ్ స్పైస్‌ను షుల్టన్ కంపెనీ 1937లో మొదట తెచ్చింది ఆడవాళ్ల కోసం. కంపెనీ పెట్టిన విలియం లైట్‌ఫుట్ షుల్ట్జ్‌కు వాళ్లమ్మ ఇంట్లో ఎండుపూలు, సుగంధద్రవ్యాలు కలిపి పెట్టుకునే జాడీ ప్రేరణ అంటారు. మగవాళ్ల రకం ఆ మరుసటేడు, 1938లో వచ్చింది. ఓడ బొమ్మలు పాత అమెరికా వలస కాలపు అలంకారం. 1990లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ దీన్ని కొనుక్కుంది. అమ్మ పూలజాడీ నుంచి పుట్టినదాన్ని రాసుకుని మీసం మెలేసిన మగాళ్లు ఎంతమందో!

మంట సంగతి కూడా చెప్పాలి. ఆల్కహాల్ ఎక్కువగా ఉండే ఏ లోషనైనా కొత్తగా గీసిన చర్మం మీద చురుక్కుమంటుంది, ఆవిరైపోతూ చల్లబరుస్తుంది. మావయ్య "ఉస్స్" వెనకున్నది ఇంతే. గాటు పడిన రోజు అది "ఉస్స్" కాదు, "అమ్మో". నేను నేర్చుకున్న పద్ధతి ఇది: చన్నీళ్లతో కడుక్కుని, ముఖం పూర్తిగా తుడుచుకోకుండా కొంచెం తడి ఉండగానే, అరచేతుల్లో రుద్దుకుని అద్దాలి. మంట సగమవుతుంది. డిసెంబరు, జనవరుల్లో చర్మం లాగేస్తుంది, పైన కాస్త మాయిశ్చరైజర్ రాయక తప్పదు. ఒక చలికాలం బ్లేడు మార్చకుండా గీకి గీకి మీద ఇది పోసుకుని, మెడంతా ఎర్రగా కందించుకున్నాను. తప్పు లోషన్‌ది కాదు, నా పిసినారితనానిది. లవంగం, దాల్చినచెక్క వాసన పదార్థాలు కొందరి చర్మానికి పడవు, కాబట్టి మొదటిసారి మోచేతి లోపల రాసి ఒక రోజు చూసుకోండి.

ఎంతసేపు ఉంటుందని అందరూ అడుగుతారు. నా మీద రెండు మూడు గంటలు. మే నెల విజయవాడ ఎండలో అంత కూడా ఉండదు, చెమటతో కలిస్తే దాని తీపి కొంచెం వెగటు కూడా అవుతుంది. సాయంత్రం పెళ్లి రిసెప్షన్ దాకా నిలవాలంటే ఇంకేదైనా కొనుక్కోండి. నాకు మాత్రం అదే నచ్చింది. ఆఫీసు లిఫ్టులో పక్కవాడి ముక్కు పగలదు. గడ్డం గీసుకున్నాను, ఇక బయల్దేరవచ్చు అని నాకు నేను చెప్పుకునే వాసన ఇది. కాఫీ తాగేసరికి దాని పని సగం అయిపోతుంది.

కొనేటప్పుడు ఒక మాట. ఒకసారి బస్టాండు దగ్గర తోపుడు బండి మీద చవగ్గా దొరికిందని ఓడ బొమ్మ సీసా తెచ్చాను. లోపల ఉన్నది రంగు నీళ్లూ స్పిరిటూ తప్ప ఇంకేం కాదు. తెలిసిన షాపులోనే కొనండి. అసలు సీసా ధర ఎలాగూ ఓ మంచి బిర్యానీ ఖరీదుకు అటూ ఇటూనే. ఇంటికి తెచ్చాక కిటికీ ఎండలో గానీ, వేడి నీళ్ల ఆవిరి పట్టే బాత్‌రూమ్‌లో గానీ పెట్టకండి. నాది బీరువాలో చొక్కాల పక్కన ఉంటుంది.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఇదే రాసుకుని హాల్లోకి వచ్చాను. అమ్మ బియ్యం ఏరుతూ తల ఎత్తకుండానే "తమ్ముడూ, టిఫిన్ తింటావా?" అంది. మావయ్య పోయి ఆరేళ్లయింది. నేను "తింటానమ్మా" అన్నాను. గొంతు విని తలెత్తి చూసి, మళ్లీ చాటలోకి చూస్తూ, "ఆ సీసా ఇంకా అమ్ముతున్నార్రా?" అంది.