మిద్దె తోట పంటకు కరెంటు ఎండ: డ్రయ్యర్ కొని పది నెలలైంది

మా ఇల్లు తిరుపతిలో, కపిలతీర్థం పోయే రోడ్డుకు దగ్గర. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, మా మిద్దె మీద ఏదన్నా ఎండబెట్టాలంటే ఒక మనిషి కర్ర పట్టుకొని కూర్చోవాల్సిందే. మూడేళ్ళ కిందట మా అమ్మ పాకాల దగ్గర మా ఊరి నుంచి వచ్చి, ఉప్పు పట్టించిన మామిడి ముక్కలు పాత పంచె మీద పరిచి, కాఫీ తాగేదానికి కిందికి దిగింది. మళ్ళీ పైకి పోయేసరికి ముక్కలూ లేవు, పంచే లేదు. పంచె పక్కింటి నీళ్ళ ట్యాంకు మీద దొరికింది. కోతులు కొండ దిగి వచ్చే వీధి మాది.

నేను ఆర్టీసీలో డ్రైవర్ని, కొండకు బస్సు నడుపుతాను. మా ఆవిడ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. నా డ్యూటీ తెల్లారకముందే మొదలవుతుంది, ఆమెది వారానికొక రకం. పిల్లలిద్దరూ బడికి పోతే పగటిపూట ఇంటికి కాపలా ఉండేది తాళమే. మిద్దె మీద మాత్రం 40 దాకా కుండీలు, పాత డ్రమ్ములు, ఒక అనప (చిక్కుడు జాతి) పందిరి. టమాటా, కాకర, గోరుచిక్కుడు, పచ్చిమిర్చి, కరివేపాకు, డ్రమ్ములో ఒక మునగ. కుండీల పంటకు ఒక గుణముంది. రెండు నెలలు ఏమీ ఇవ్వదు, తర్వాత అంతా ఒకేసారి నెత్తిన పోస్తుంది. నిరుడు ఫిబ్రవరిలో వారానికి 5, 6 కిలోల టమాటాలు వచ్చినాయి. ఫ్రిజ్‌లో పెడితే అడుగువి మెత్తబడిపోయేవి. పక్కింటికి ఇస్తే మొదటి రెండుసార్లు సంతోషంగా తీసుకున్నారు, మూడోసారి తలుపు తీసేదానికే ఆలస్యం చేసినారు.

అట్ల ఏప్రిల్‌లో కూరగాయలు ఎండబెట్టే ఈ డ్రయ్యర్ ఆన్‌లైన్‌లో కొన్నాను. 5,400 రూపాయలు. ఒకదాని మీద ఒకటి కూర్చునే 5 గుండ్రటి ప్లాస్టిక్ ట్రేలు, అడుగున ఫ్యాను, దాని మీద హీటరు కాయిలు, 350 వాట్లు. వేడి 35 డిగ్రీల నుంచి 70 దాకా పెట్టుకోవచ్చు, టైమరుంది. కంపెనీ పేరు రాయను. కారణం కిందికి పోతే తెలుస్తుంది. పైగా ఇదే అచ్చు మిషను నాలుగైదు పేర్లతో అమ్ముతా ఉన్నారు.

ఫోన్‌లో చెప్తే అమ్మ అడిగింది, "ఎండబెట్టేదానికి మిషనెందుకు నాయనా, సూర్యుడేమన్నా సెలవు పెట్నాడా?"

"సూర్యుడికి కాదుమా, మాకే సెలవు లేదు" అన్నాను.

ఇది ఓవెన్ కాదు, ఆ తేడా తెలియక మొదటి రాత్రే తప్పు చేసినాను. తొందరగా అయిపోతుందని టమాటా ముక్కలకు 70 డిగ్రీలు పెట్టినాను. తెల్లారి చూస్తే బ్రహ్మాండంగా ఎండినట్టే ఉన్నాయి, సీసాలో పోసి మూత బిగించినాను. ఐదో రోజు సీసా లోపల గాజుకు సన్నగా ఆవిరి పట్టింది. నేను పట్టించుకోలేదు. తొమ్మిదో రోజు పైముక్కల మీద తెల్లగా దూది పోగుల్లాగ బూజు. ఎక్కువ వేడి పెడితే ముక్క పైభాగం ముందే గట్టిపడిపోయి, లోపలి తడికి బయటికి వచ్చే దారి మూసుకుపోతుందంట. టమాటాలో నూటికి 94, 95 వంతులు నీళ్ళే. అది నెమ్మదిగా పోవాలి. ఇప్పుడు 57 దగ్గర పెడతాను, 10 నుంచి 12 గంటలు పడుతుంది.

మా ఆవిడ ఆ సీసా చూసి ఒక్క మాట కూడా అనలేదు, చెత్తబుట్ట దగ్గర పెట్టింది. తర్వాత ఆమే ఎక్కడో చదివి చెప్పిన పద్ధతి ఇప్పటికీ పాటిస్తా ఉన్నాము. ఎండిన ముక్కలను పూర్తిగా చల్లారనిచ్చి, గాజు సీసాలో మూడింట రెండు వంతులే నింపి, వారం పది రోజులు రోజుకొకసారి ఊపాలి. కొంచెం తడి మిగిలిన ముక్క నుంచి బాగా ఎండిన ముక్కకు తడి సర్దుకుంటుంది. గాజు మీద ఆవిరి కనపడితే వెంటనే మళ్ళీ ట్రేలోకి. మా చిన్నోడికి ఆ ఊపే పని ఇచ్చినాము. వాడు సీసాను ఊపుతా పాటలు కూడా పాడతాడు, దానికి మేము అడ్డు చెప్పలేదు.

టమాటాకు నేను నేర్చుకున్న గుర్తు ఒకటే. ముక్కను విరిస్తే టక్కున విరగాలి. తోలులాగ వంగితే కూరలో వేసుకునేదానికి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు గానీ పొడికి పనికిరాదు, మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటుంది. ముక్క అర సెంటీమీటరు మందం ఉండాలి. నాటు టమాటాలైతే కోసిన తర్వాత జల్లెడలో ఒక పావుగంట వదిలేస్తాను, రసం కారిపోతుంది. ఆ రసం చారుకు.

మా ఇంట్లో దీని వరస ఇట్ల ఉంటుంది. రాత్రి 9న్నరకు పిల్లల ముందు చాపింగ్ బోర్డు పెడతాము, హోంవర్క్ అయిపోయినోళ్ళు కోస్తారు. 10కి స్విచ్ వేస్తాను. తెల్లారి 3న్నరకు డ్యూటీకి లేస్తాను కదా, అప్పుడు కింది ట్రేలు పైకి, పై ట్రేలు కిందికి మారుస్తాను. ఫ్యాను అడుగున ఉండే మిషన్లన్నిటికీ ఉండే తంటా ఇది. కింది ట్రే ముందే ఎండిపోతుంది, పైది పచ్చిగానే ఉంటుంది. మీకు నాలాగ అర్ధరాత్రి లేచే ఉద్యోగం లేకపోతే దీన్ని ఆలోచించండి. ఫ్యాను వెనకవైపు ఉండి, ట్రేలు అలమర అరల్లాగ జారే రకం కూడా ఉంది. అందులో గాలి అన్ని ట్రేలకూ అడ్డంగా పోతుంది కాబట్టి మార్చే పని తక్కువ. ధర దాదాపు రెండింతలు. నాకు 3న్నర లేపు ఎట్లాగూ ఉంది కాబట్టి డబ్బు మిగిలిందనుకున్నాను. చప్పుడు టేబుల్ ఫ్యానంత. వంటింట్లో పెట్టి తలుపు వేస్తే నిద్రకు అడ్డం లేదు.

కరెంటు గురించి అందరూ అడుగుతారు. హీటరు ఆగుతా వెలుగుతా ఉంటుంది కాబట్టి ఒక రాత్రికి 3 యూనిట్లు, కాస్త అటూ ఇటూ. మా వాడకానికి యూనిట్ 6 రూపాయల స్లాబులో పడతాము, అంటే ఒక దఫాకు 18, 20 రూపాయలు. (బిల్లు కింద వచ్చే సర్దుబాటు చార్జీల లెక్క నన్ను అడగొద్దు.) ఒక దఫాకు పట్టేది రెండున్నర కిలోలు, చేతికొచ్చేది 150 గ్రాముల లోపు. కాబట్టి మార్కెట్లో టమాటా కిలో 10 రూపాయలున్నప్పుడు కొనుక్కొచ్చి ఎండబెడితే అది తెలివైన పని కాదు. మన మిద్దె మీద కాసి, తినేవాళ్ళు లేక పారేసేదానికైతే లెక్క వేరు. మన వైపోళ్ళకు టమాటా ధర గురించి నేను చెప్పాల్సింది లేదు. మదనపల్లె మార్కెట్లో అమ్ముడుపోక రోడ్డు పక్కన పారబోసిన రోజులు చూసినాము, 2023 జూలైలో కిలో 100 దాటి పోయిన రోజులూ చూసినాము. పోయిన ఏడు చేసిన పొడి డబ్బా ఇంకా సగం ఉంది. పుల్లగూర ఎనిపేటప్పుడు రెండు స్పూన్లు వేస్తే చింతపండు తగ్గించుకోవచ్చు.

నాకు దీంట్లో బాగా నచ్చింది కరివేపాకు. ఎండలో వేస్తే గోధుమ రంగుకు తిరిగి గడ్డి వాసన వస్తుంది. ఇందులో 40 డిగ్రీలకు నాలుగైదు గంటలు పెడితే పచ్చగానే ఉంటుంది, చేత్తో నలిపితే పొడైపోతుంది. మునగాకు కూడా అంతే. కాడలు తీసేసి పెట్టాలి, లేకపోతే ఆకు ఎండి కాడలో తడి మిగిలిపోతుంది. ఆకులు ఎండి తేలికబడి ఫ్యాను గాలికి ఎగురుతాయి కాబట్టి పైన ఇంకో ఖాళీ ట్రే బోర్లించండి.

కాకర చక్రాలు, గోరుచిక్కుళ్ళు కూడా బాగా వచ్చినాయి. గోరుచిక్కుళ్ళను అమ్మ పద్ధతిలో ఉప్పు వేసిన మజ్జిగలో ఒక ఉడుకు రానిచ్చి, నీళ్ళు వాడ్చి 55లో 8 గంటలు. వంకాయ మాత్రం నల్లబడింది, రెండుసార్లు చేసి వదిలేసినాను. గోంగూరను ఎండబెట్టేదే తప్పు, నూనెలో మగ్గించి పచ్చడి చేసుకోండి. అనపకాయల కాలంలో పితికిపప్పు కొంచెం ఎండబెట్టి చూసినాను. ఆ పచ్చి రుచి, ఆ మెత్తదనం రెండూ పోయి మామూలు గింజల్లాగ అయిపోయింది. నానబెట్టి, పితికి, తొక్క తీసే పని ఒక సాయంత్రమంతా తిన్న తర్వాత ఈ ఫలితం చూస్తే ఏడుపొస్తుంది. పితికిపప్పుకు ఫ్రీజరే దారి.

ఇక మజ్జిగ మిరపకాయలు. నవంబరులో వాన పట్టుకుంది. మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కదా. మిరపచెట్లు సరిగ్గా అప్పుడే విరగకాసినాయి. మిద్దె మీద ఎండ లేదు, మిషనుందిగా అని ధైర్యం. కిలోన్నర కాయలకు గాట్లు పెట్టి, ఉప్పు కలిపిన పుల్ల మజ్జిగలో రెండు రోజులు ఊరేసి, తీసి ట్రేల మీద పరిచినాను. సరిగ్గా వాడ్చలేదు. తప్పు నాదే, డ్యూటీకి తొందర. గాట్లలో నిలిచిన మజ్జిగ ఒక్కొక్క చుక్కే ట్రేల కంతల్లో నుంచి కారి అడుగున ఫ్యానులోకి పోయింది. ముందు ఇంటిల్లిపాదికీ దగ్గు, మేడ మీద అద్దెకున్నోళ్ళకు కూడా. తర్వాత కాలిన పాల వాసన. తర్వాత మిషను ఆగిపోయింది.

కంపెనీకి ఫోన్ చేస్తే, లోపలికి ద్రవం పోతే వారంటీ వర్తించదన్నారు. సరే, ఒప్పుకుంటాను. కానీ కూరగాయల నీళ్ళు కారతాయని తెలిసీ ఫ్యానును అడుగున పెట్టి, దాని మీద ఒక మూత కూడా ఇవ్వకపోతే ఎట్ల? డబ్బులిస్తా, బాగుచేయండి అంటే, చెన్నైకి పార్సిల్ పంపమన్నారు, పోనూ రానూ ఖర్చు మాదే. గాంధీ రోడ్డు దగ్గర సందులో మిక్సీలు బాగుచేసే ఆయన దగ్గరికి తీసుకుపోయినాను. విప్పి, వాసన చూసి, "ఏం సామీ, పెరుగన్నం వండినారా ఇందులో?" అన్నాడు. కడిగి, థర్మల్ ఫ్యూజు మార్చి 250 తీసుకున్నాడు. అప్పటి నుంచి తడి ఎక్కువుండే వాటికి అడుగు ట్రేలో ఒక స్టీలు పళ్ళెం పెడతాను, చుట్టూ గాలి పోయేదానికి సందు వదిలి. మిరపకాయలైతే మిషనును వరండాలో పెడతాను, వాన జల్లు తగలని చోట. రెండోసారి బాగానే వచ్చినాయి. పగలు మజ్జిగలో, రాత్రి మిషనులో. మామూలుగా చేసేదానికి తలకిందులన్నమాట.

సంక్రాంతికి అమ్మ వచ్చింది. కాకర వొరుగులు, మిరపకాయలు నూనెలో వేయించి సంగటి, పప్పుతో పెట్టినాము. నమిలి, ఇంకోటి తీసుకొని, "బాగానే ఎండినాయి. ఎండ వాసనైతే లేదు" అంది. నిజమే. మిరపకాయలకు ఎండలో కాలినట్టు వచ్చే ఒక కమ్మదనం ఉంటుంది, అది ఇందులో రాదు. అందుకే మామిడి ముక్కలు నేను మిషనులో పెట్టనే పెట్టను. మే నెలలో మన దగ్గర 40 దాటే ఎండను వదులుకొని కరెంటు కాల్చడం నాకు మనసొప్పదు. మామిడికాయల సంచి నా ఆఫ్ రోజున బస్సెక్కి అమ్మ దగ్గరికే పోతుంది. అక్కడ కోతులు లేవు, ఆమె ఉంది. ఊరికి పోతా పోతా అమ్మ కాకర వొరుగుల ప్యాకెట్లు రెండు సంచిలో వేసుకుంది, నేను చూడలేదనుకొని.

కొనాలా వద్దా అని అడిగితే: పగలు ఇంట్లో మనిషుండి, మిద్దె మీదికి ఎండ సరిగ్గా పడే వాళ్ళకు అక్కర్లేదు. ఇద్దరూ ఉద్యోగాలకు పోయి, 20 కుండీలకు మించి ఉంటే పనికొస్తుంది, కానీ నేను కొన్న రకం కాదు. ఫ్యాను వెనకుండేది, స్టీలు ట్రేలుండేది కొనండి. ప్లాస్టిక్ ట్రేలకు టమాటా అతుక్కుంటుంది, కత్తితో గీకితే కడ్డీలు విరుగుతాయి. నాది మూడో ట్రే అట్లనే విరిగింది. విడి ట్రే 650 రూపాయలని చెప్పి డబ్బు కట్టించుకొని ఆరు వారాలైంది. ప్రస్తుతానికి ఆ ట్రేకు పిండి జల్లించే పాత జల్లెడ కట్టి నడిపిస్తా ఉన్నాను.