నేలమట్టపు సిజర్ లిఫ్ట్ బాగానే ఉంది, కోపమంతా ఆయిల్ ట్యాంకు మీదే

కెపాసిటీ, మోటారు సైజు, వారంటీ బ్రోషర్‌లో ఉన్నవే, వాటి జోలికి పోను. గొయ్యి తవ్వి నేలకు సమానంగా దింపిన కార్ల సిజర్ లిఫ్ట్ ఇది. వీల్ అలైన్‌మెంట్‌కీ, కింద నుంచి చేసే పనులకీ రోజంతా వాడేది. నాలుగు వానాకాలాలు చూసింది. దీని మీద నా ఫిర్యాదు ఒక్కటే: ఇనుప ట్యాంకుకు ఆయిల్ లెవెల్ కనపడే అద్దం పెట్టలేదు. మూత విప్పి పుల్ల ముంచి చూసుకోవాలి. రోజువారీ హడావుడిలో ఆ మూత ఎవరు విప్పుతారు?

ఫలితం ఎలా ఉంటుందంటే, బండి ఎక్కించి బటన్ నొక్కితే లిఫ్ట్ చక్కగానే లేస్తుంది. పై హద్దుకు జానెడు ముందు ఆగిపోతుంది. మోటారు మాత్రం ఆగదు, పంపు సన్నగా కూత పెడుతూ తిరుగుతూనే ఉంటుంది. చూడటానికి వచ్చిన సర్వీసు మనిషి నేరుగా రిలీఫ్ వాల్వ్ (ప్రెషర్ హద్దు దాటితే ఆయిల్‌ను వెనక్కి వదిలేసేది) మీద స్పానర్ పెట్టాడు, ప్రెషర్ చాలట్లేదని. చాలామంది చేసేది ఇదే, చెడగొట్టేది కూడా ఇదే.

సిజర్ లిఫ్ట్‌లో కత్తెరలా అడ్డంగా కలిసే ఇనుప చేతులు నేలకు పడుకుని ఉన్నప్పుడే సిలిండర్ మీద బరువు ఎక్కువ. చేతులు నిలబడే కొద్దీ కావాల్సిన బలం తగ్గుతుంది. బండిని నేల మీద నుంచి లేపగలిగిన ప్రెషర్, పైన జానెడు ఎత్తడానికి చాలకపోవడం అరుదు. ప్రెషర్ సమస్యయితే అసలు కిందే మొరాయిస్తుంది. రిలీఫ్ వాల్వ్ బిగిస్తే ఆగే ఎత్తు మారదు సరికదా, ఓవర్‌లోడ్‌ను అడ్డుకునే రక్షణ పోతుంది. ఆ వాల్వ్ మీది సీలు కదపనివ్వకండి.

తేల్చుకోవడానికి సులువు దారి ఉంది. బండి దింపి, ఖాళీగా లేపండి. ఖాళీగా ఉన్నా, బండి ఉన్నా ఒకే ఎత్తులో ఆగుతుంటే అది బరువుకు సంబంధించింది కాదు. తర్వాత చెవి పెట్టండి. మోటారు టక్కున ఆగిందా, పై లిమిట్ స్విచ్ దగ్గరికి వెళ్లాలి: దాని బ్రాకెట్ వంగినా, లివర్‌లో బురద ఇరుక్కున్నా ముందే కరెంటు కోసేస్తుంది. రెండు ప్లాట్‌ఫాంల సమానం చూసే ఫోటో సెన్సార్ ఉంటే దాని కన్ను తుడవండి. మోటారు తిరుగుతూ కూత పెడుతోందా, ఆయిల్ తగ్గినట్టు. కూత లేకుండా తిరుగుతూ, వదిలేస్తే మెల్లగా దిగిపోతోందా, దింపే సోలనాయిడ్ వాల్వ్‌లో (కరెంటుతో తెరుచుకునేది) చెత్త చేరి ఉంటుంది, లేదా చేత్తో దింపే స్క్రూ పూర్తిగా బిగించి ఉండదు.

ఆయిల్ లెక్క ఇలా ఉంటుంది. 75 మి.మీ. బోరు (లోపలి వ్యాసం), 500 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సిలిండర్ ఒక్కోటి నిండడానికి 2.2 లీటర్లు పడుతుంది. రెండింటికీ 4.4 లీటర్లు. అది మొత్తం ట్యాంకులో నుంచే పోవాలి. పోయాక కూడా అడుగున పంపు ఆయిల్ పీల్చుకునే సక్షన్ ఫిల్టర్ మునిగే ఉండాలి. అంతకన్నా తగ్గితే ఫిల్టర్ బయటపడి గాలి లాగుతుంది. లిఫ్ట్ కింద ఉన్నంతసేపూ ఏ తేడా తెలియదు, చివరికి వచ్చేసరికే బయటపడుతుంది. పైన వేగం కొంత తగ్గడం వేరే సంగతి, అది ఈ నిర్మాణానికి సహజం, దాన్ని జబ్బు అనుకోకండి.

మరి ఆయిల్ ఎటు పోయింది? షాపు నేల మీద చుక్క లేదు. గొయ్యిలో సిలిండర్‌కు హోస్ పైపు కలిసే జాయింట్ దగ్గర సీల్ వాషర్ అరిగి, లోడ్ మీద ఉన్నప్పుడు మాత్రమే చెమర్చేది. గొయ్యిలో వాన నీళ్లు, వాటర్ వాష్ నీళ్లు. ఆయిల్ నీటి మీద పొరలా తేలి, నీళ్లు తోడే చిన్న పంపుతో పాటు కాలువలోకి పోయేది. అంచున గోడకు అంటిన రంగురంగుల జిడ్డు గీత ఒక్కటే ఆనవాలు. నేలమట్టంగా ఉంది, బంపర్ తగలదు, స్థలం మిగిలింది అని మొదట్లో మెచ్చుకున్నది ఈ గొయ్యినే. ఆ మెప్పు ఇప్పటికీ వెనక్కి తీసుకోను గానీ, లీకును దాచిపెట్టేది కూడా అదేనని ఇప్పుడు తెలుసు.

బాగు చేసే పని పెద్దది కాదు. బండి దింపేసి ఖాళీ లిఫ్ట్‌ను లేపి, రెండు వైపులా లిఫ్ట్ దిగకుండా పట్టే లాక్ పన్ను కూర్చున్నట్టు కంటితో చూసి, మెయిన్ స్విచ్ ఆపి, అడ్డు దిమ్మలు పెట్టాకే గొయ్యిలోకి దిగాలి. లీకు కోసం చేత్తో తడమకూడదు, సన్నటి ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అట్టముక్క పట్టి చూడాలి. జాయింట్ విప్పేది మాత్రం లిఫ్ట్‌ను లాకుల మీద పూర్తిగా ఆనించి, ప్రెషర్ వదిలాకే. వాషర్ మార్చాక, లిఫ్ట్ పూర్తిగా కింద ఉండగానే ఆయిల్ నింపాలి. పైకి లేపి నింపితే, దింపినప్పుడు సిలిండర్ల ఆయిల్ తిరిగొచ్చి ట్యాంకు పొర్లుతుంది. మాన్యువల్‌లో చెప్పిన గ్రేడే పోయండి, మన ఎండలకు చాలా కంపెనీలు 46 గ్రేడ్ హైడ్రాలిక్ ఆయిల్ చెప్తాయి. బ్రేక్ ఆయిల్ మాత్రం వద్దు, సీళ్లు ఉబ్బిపోతాయి. తర్వాత ఖాళీగా నాలుగైదు సార్లు పైకీ కిందికీ తిప్పి, నురుగు దిగేదాకా ఆగి మళ్లీ పుల్ల ముంచండి. ఆయిల్ పాలలా తెల్లగా ఉంటే నీళ్లు కలిసినట్టే, టాపప్ పనికిరాదు, మొత్తం మార్చాల్సిందే. రెండు ప్లాట్‌ఫాంలు సమానంగా లేకపోతే లెవెలింగ్ వాల్వ్ పని కూడా ఉంటుంది.

ఆ తర్వాత లిఫ్ట్ పై లాక్ దాకా హాయిగా వెళ్తోంది. ట్యాంకు పక్కన గొట్టపు గేజి బయట చేయించి పెట్టించాం, కంపెనీ పెట్టి ఉండాల్సింది.

కొనొచ్చా అంటే, మాది ఎక్కువగా చిన్న కార్లు, అలైన్‌మెంట్ పని, ఇరుకు షెడ్డు. ఆ లెక్కన మాకు సరిపోయింది. షెడ్డు పల్లంలో ఉండి, గొయ్యిలో నీళ్లు దానంతట అవే పోయే వాలు లేకపోతే నేల మీద పెట్టే మోడలే చూసుకోండి, ర్యాంపులకు నాలుగడుగులు పోయినా సరే. గొయ్యి మోడలే కావాలంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ట్యాంకు ఎలా ఉందో చూపించమనండి.