విజయనగరంలో ఫంక్షన్‌ని ప్యాకేజీకి ఇస్తున్నారా? ముందు మా కథ చదవండి

విజయనగరం, శ్రీకాకుళం వైపు ఇంట్లో శుభకార్యం పెట్టుకున్నవాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి. మొన్న మే నెలలో మా నాన్నగారి షష్టిపూర్తి చేశాం. నాది హైదరాబాద్‌లో ఉద్యోగం, చెల్లి ఉండేది బెంగళూరులో. ఎండల్లో అమ్మానాన్నల్ని తిప్పడం ఇష్టంలేక పని మొత్తం ఒక ఈవెంట్ మేనేజర్‌కి అప్పజెప్పాం. ఆయన పేరు రాయడం లేదు. మీకు తగిలే మనిషి పేరు వేరే ఉండొచ్చు, పద్ధతి మాత్రం ఇదే.

ఆయన ట్యాబ్‌లో ఓ యాభై ఫొటోలు చూపించాడు. మామిడాకుల తోరణాలు, బంతిపూల స్టేజీలు, కళ్లు చెదిరిపోయాయి. భోజనాలు, టెంటు, జనరేటర్, డెకరేషన్, ఫొటోలు అన్నీ కలిపి 2,80,000. మూడు వందల ప్లేట్లు దాటితే ప్లేటుకి 450 అదనం. "మీరు టెన్షన్ పడకండి సార్, చుట్టాల్లా వచ్చి కూర్చోండి చాలు" అన్నాడు. ఆ మాటకే పడిపోయాం. 1,40,000 అడ్వాన్స్ ఫోన్‌పేలో పంపాను. రసీదు అడిగితే స్టాంపు లేని చిన్న కాగితం ఒకటి ఇచ్చాడు. దాని మీద 'ఫుల్ ప్యాకేజీ' అని రెండు ముక్కలు, అంకె, సంతకం. అంతే.

పొద్దున హోమం, అభిషేకం ఇంటి దగ్గరే పురోహితులు చక్కగా జరిపించారు. గొడవంతా సాయంత్రం విందులోనే. వాటర్‌ప్రూఫ్ టెంటు అన్నచోట మామూలు గుడ్డ షామియానా వేసి ఉంది. టెంటు కుర్రాణ్ణి అడిగితే, మీ మనిషి మాతో ఇదే మాట్లాడాడండీ అన్నాడు. అప్పుడు అర్థమైంది, ఆయనకి సొంతంగా ఏమీ లేవు. టెంటు ఒకరిది, వంట ఒకరిది, జనరేటర్ ఇంకొకరిది. పైగా ముహూర్తాల రోజు కావడంతో అదే సాయంత్రం బొబ్బిలిలో ఇంకో పెళ్లి కూడా ఒప్పుకున్నాడు, మనిషి అక్కడే ఉన్నాడు.

మే నెల సాయంత్రాలు మన వైపు ఎలా ఉంటాయో తెలిసిందే కదా. ఏడున్నరకి ఈదురుగాలి లేచింది, కరెంటు పోయింది. జనరేటర్ అతను నింపాదిగా వచ్చి "డీజిల్ మీరే పోయించుకోవాలండి, అద్దె ఒక్కటే మాట్లాడారు" అన్నాడు. స్టేజీ మీద అమ్మానాన్న దండలతో చీకట్లో కూర్చున్నారు. మా బావ బండి మీద డబ్బా పట్టుకుని బంకుకి పరుగెత్తాడు. అరగంట తరవాత వెలుగొచ్చింది గానీ, ఆ చిన్న జనరేటర్ లైట్లకీ మైకుకే సరిపోయింది, కూలర్లు తిరగలేదు. ఈలోగా చినుకులు మొదలై షామియానా కిందకి కారుతుంటే, జనమంతా పైడితల్లి సిరిమాను జాతర రోజు విజయనగరం గంటస్తంభం దగ్గర తోసుకున్నట్టు వంటల రేకుల షెడ్డులోకి దూరారు. బూరెలు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి, ఆ మాట చెప్పకపోతే వంటవాళ్లకి అన్యాయం చేసినట్టవుతుంది.

రాత్రి పదకొండుకి మేనేజర్ దిగాడు. ఫంక్షన్‌కి ముందే ఇంకో లక్ష కూడా కట్టేశాం కాబట్టి మిగిలింది 40,000. కానీ 436 ప్లేట్లు లేచాయని అదనం 61,200 కలిపి 1,01,200 అడిగాడు. చుట్టాలందరి ముందూ గొంతు పెంచాడు. నాన్నగారు "శుభమా అని చేసుకున్నాం, ఇచ్చెయ్యరా" అన్నారు. ఇచ్చేశాను.

మర్నాడు పొద్దున సామాను తీసుకెళ్లడానికి సప్లయర్ కుర్రాడు వచ్చి చీటీ చూసుకుంటున్నాడు. అందులో 'ప్లేట్లు 400' అని ఉంది. షెడ్డు మూల పాతిక ప్లేట్ల కట్టలు మూడు విప్పకుండానే ఉన్నాయి. అంటే మైకు కుర్రాళ్లు, డ్రైవర్లు తిన్నవి కలిపినా 325 దాటలేదు. వచ్చినవే నాలుగు వందలైతే 436 ఎలా లేచాయి? చీటీకి, ఆ కట్టలకి ఫొటోలు తీసి ఆయనకి పంపాను. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు.

ప్లేట్ల సంగతి ఒక్కటైనా గుర్తుపెట్టుకోండి. బండి దిగేటప్పుడే మీ మనిషి ఒకడు కట్టలు లెక్కపెట్టి చీటీ మీద ఇద్దరి సంతకాలూ పెట్టించాలి. భోజనాలయ్యాక మిగిలినవి లెక్కపెట్టే దాకా డబ్బు తీయకండి. ప్యాకేజీ అనే మాట కాగితం మీద ఒప్పుకోవద్దు. టెంటు ఏ రకం, జనరేటర్ కెపాసిటీ ఎన్ని కేవీఏ, డీజిల్ ఎవరిది, వాన పడితే ఏంటి, ఆ రోజు దగ్గరుండేది ఎవరు, అన్నీ విడివిడిగా రాయించుకోండి. వంటవాళ్ల బిల్లు మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత లైసెన్సు) నంబరు ఉందో లేదో చూడండి. టెంటు, వంట వాళ్ల ఫోన్ నంబర్లు ముందే తీసుకోండి, మేనేజర్ ఇవ్వనంటే అక్కడే లేచి వచ్చేయండి. సగం డబ్బైనా పని అయ్యేదాకా మీ దగ్గరే ఉండాలి. మేం పనికి ముందే 2,40,000 ఇచ్చేశాం, అది మా తెలివి.

నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. కదలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మనం చెల్లించింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు, రెండేళ్లలోగా వేస్తే చాలు. ఆ చిన్న కాగితం, వాట్సాప్ మెసేజీలు, ఫోన్‌పే వివరాలు అన్నీ ప్రింట్ తీసి పెట్టాను.

ఆల్బమ్ ఇంతవరకు రాలేదు. కానీ వానకి ముందు తీసిన మా స్టేజీ ఫొటో మొన్న ఆయన స్టేటస్‌లో కనిపించింది, 'మా మరో సక్సెస్‌ఫుల్ ఈవెంట్' అని రాసి. ఎవరైనా ట్యాబ్‌లో మీకు బంతిపూల స్టేజీ చూపిస్తే, అందులో ఆకుపచ్చ పట్టుచీరలో నవ్వుతున్న పెద్దావిడ కనిపిస్తే, ఆవిడ మా అమ్మే.