వంటింటి తువాలుకు పెడన అద్దకమా, స్క్రీన్ ప్రింటా?

మా చెల్లెలి కూతురు భవానీపురంలో ఇల్లు కట్టుకుంటే గృహప్రవేశానికి వంటింటి తువాళ్లు పట్టుకెళ్లాను. తంగేడు పూలు, ములగ రెమ్మలు, నేరేడు ఆకులు అద్దిన పెడన గుడ్డలు, అంటే బందరు దగ్గరి పెడనలో చెక్క అచ్చులతో అద్దే కలంకారీ. అప్పటి నుంచి చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "అక్కా, స్క్రీన్ ప్రింట్‌లో ఇవే పూలు చవగ్గా వస్తున్నాయిగా, దీనికంత పెట్టడం ఎందుకు?"

అచ్చు చేత్తో వేశారా, స్క్రీన్‌తో వేశారా అన్నది నాకు రెండో సంగతి. రంగు నూలు లోపలికి దిగిందా, పైన కూర్చుందా అన్నదే మొదట చూస్తాను. తువాలు పని తడి పీల్చడం. స్క్రీన్ ప్రింట్‌లో ఎక్కువగా వాడే పిగ్మెంట్ రంగు జిగురుతో కలిసి గుడ్డ మీద పొరలా అంటుకుంటుంది. పువ్వు ఎంత పెద్దదైతే తడి పీల్చని జాగా అంత పెద్దది. కడిగిన కంచం తుడిస్తే నీళ్లు అటూ ఇటూ పాకుతాయి తప్ప గుడ్డలోకి దిగవు.

పెడన పద్ధతి వేరు. ముందు గుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఇనుప తుప్పు, బెల్లం కలిపి ఊరబెట్టిన నీళ్లను టేకు అచ్చుతో అద్దితే కరక్కాయ వగరుతో కలిసి నలుపు పుడుతుంది. పటిక అద్దిన చోట, తర్వాత రంగునీళ్లలో ఉడకబెట్టినప్పుడు ఎరుపు పట్టుకుంటుంది. ఆ ఎరుపుకు పూర్వం చిరివేరు అనే మొక్క వేరు వాడేవారు, ఇప్పుడు చాలాచోట్ల అలిజరిన్ అనే రసాయన రంగు వాడుతున్నారు. ఏదైనా రంగు దారంలోనే తయారవుతుంది కాబట్టి పైన పొర ఉండదు. రెండు మూడు ఉతుకుల్లో గంజి పోయాక ముద్ర ఉన్న చోటా లేని చోటా ఒకేలా పీలుస్తుంది. కొనేముందు గుడ్డ తిరగేసి చూడండి, పువ్వు వెనకవైపూ కనిపించాలి. వేలితో రాస్తే గరుకుగా, ప్లాస్టిక్‌లా తగలకూడదు. కలంకారీ పేరుతో స్క్రీన్ గుడ్డలూ అమ్ముతున్నారు, పేరు చూసి నమ్మొద్దు.

అయితే వంటిల్లు ఈ రంగులకు కఠినమైన చోటు. నా తువాలు మీద నిమ్మరసం ఒలికింది. చూసుకోకుండా వదిలేస్తే నల్ల గీత ఆ మేరకు వెలిసిపోయింది. ఇనుముతో పుట్టిన నలుపుకు పులుపు పడదు, చింతపండు చేతులు తుడిచినా అంతే. పసుపు మరక ఇంకో చిక్కు. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. ఎండలో ఆరేస్తే మరక పోతుంది కానీ, దానిమ్మ తొక్కతోనో కరక్కాయ పువ్వుతోనో వేసిన పసుపు రంగునూ అదే ఎండ లాగేస్తుంది. ఆకుపచ్చ అయితే నీలిమందు మీద పసుపు వేసి తెచ్చేది. పసుపు వెలిశాక ఆకులు నీలంగా మిగులుతాయి. మన కోరమండల్ తీరం నుంచి పరదేశాలకు వెళ్లిన పాత అద్దకపు గుడ్డల్లోనూ ఆకులు ఇలాగే నీలంగా కనిపిస్తాయి.

అందుకే మొక్క బొమ్మ ఎంచుకునేటప్పుడు రంగు చూసి ఎంచుకోండి. తంగేడు పసుపులో ఎంత ముచ్చటగా ఉన్నా, వంటింట్లో దాన్ని ఎర్రగీతలతో వేసిందే నిలుస్తుంది. పటిక మీద పట్టిన ఎరుపు ఉతుకుకీ ఎండకీ బాగా తట్టుకుంటుంది. గుంటూరులో మా వదిన మిరపకాయల అచ్చు కావాలంది. పోర్చుగీసువాళ్లు తెచ్చిన పంట, మన నేల మొక్క కాదు. అయినా అది అడగడమే మంచిదైంది, ఎరుపే కదా.

స్క్రీన్ ప్రింట్‌ను పూర్తిగా కొట్టిపారేయను. ఏప్రాన్‌కీ, బల్ల మీద పరిచే గుడ్డకీ తడి పీల్చే పని లేదు. పసుపుపచ్చ పూలు, పచ్చటి ఆకులు రంగు మారకుండా ఉండాలంటే అక్కడ పిగ్మెంటే నయం. ఇస్త్రీ మాత్రం తిరగేసి చెయ్యాలి.

అచ్చు లేకుండా కలంతో చేత్తో గీసే శ్రీకాళహస్తి కలంకారీ గోడకి, పూజగదికి. దాంతో గిన్నెలు తుడవడానికి నాకు మనసొప్పదు. పాలిస్టర్ మీద డిజిటల్ ప్రింట్ వంటింటికి వద్దు, పొయ్యి దగ్గర కరుగుతుంది. వేడి గిన్నెలు దించే మసిగుడ్డకి పాత నూలు చీర ముక్క చాలు. ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికి ఏ ముద్రా లేని తెల్లగుడ్డే మంచిది, కారం నూనె దేని మీద పడ్డా వదలదు.

గుడ్డ మందం కూడా అడగండి. చీరలకు వాడే పల్చటి మల్లు మీద ముద్ర అందంగా పడుతుంది కానీ రెండు కంచాలకే తడిసి ముద్దవుతుంది. కాస్త మందంగా, వదులుగా నేసిన నూలు గుడ్డ కావాలి. ఉతికేటప్పుడు చాకలి సోడా, బ్లీచింగు వద్దు. కుంకుడు రసం చాలు, నీడన ఆరేసుకోవాలి.

వచ్చే నెల గుడివాడ మీదుగా బందరు పోయే రైలెక్కి పెడన వెళ్తున్నాను. ములగ రెమ్మ అచ్చు ఎరుపు, నలుపుల్లోనే మందపు గుడ్డ మీద వేసిస్తారేమో అడగాలి. వేసిస్తే మా ఇంటికి డజను, మా వదినకి అరడజను.