ముఖం ఉన్న ఫైబర్ బొమ్మలు: విజయనగరం చీరల షాపులో ఐదేళ్ల వాడకం తర్వాత

మనిషి రంగు, గాజు కళ్లు, విగ్గు, అతికించిన కనురెప్పల వెంట్రుకలు ఉన్న బొమ్మ కొనాలా, ముఖం లేని తెల్ల బొమ్మ చాలా? రెండూ ఒకే షోకేసులో వాడి చూశాక చెప్పేది, ముఖం లేనిదే కొనండి.

గట్టితనానికి వంక పెట్టలేం. నడుము దగ్గర విడదీసి కాళ్లకి పావడా తొడిగాక పైభాగం బిగిస్తే ఐదున్నర మీటర్ల చీర కుచ్చిళ్లు చెదరకుండా నిలుస్తాయి. చేతులు జాకెట్టు తొడిగాకే తగిలించాలి. మణికట్టు తిప్పి బిగించకపోతే చెయ్యి జారిపడి వేళ్ల కొసల రంగు పెచ్చులూడుతుంది.

తంటా అంతా ముఖంతోనే. సాయంత్రం లైట్లు వేశాక చంటిపిల్లలు తల్లి భుజంలో తల దూర్చేస్తారు. అదే పిల్లలు కడుతున్న ఇంటి ముందు కోరలూ నాలుకా వేలాడే దిష్టిబొమ్మని చూసి నవ్వుతారు. అది మనిషినని నమ్మించాలని చూడదు కదా!

జపాన్ రోబో శాస్త్రవేత్త మసాహిరో మోరి 1970లోనే ఈ సంగతి రాశాడు. బొమ్మ మనిషికి దగ్గరయ్యే కొద్దీ నచ్చుతుంది, దాదాపు మనిషే అనిపించే చోట ఇష్టం దబ్బున పడిపోతుంది. కదిలే బొమ్మైతే ఇంకా లోతుకి. శవం లాంటి దగ్గరి ముప్పు నుంచి కాపాడే సహజాతం ఇదని ఆయన ఊహ. రోగిష్టి ఒంటికి దూరం జరిగే అలవాటని ఇంకొందరి వాదన. 2009లో అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ పరిశోధకులు మకాక్ కోతులకి ముఖాలు చూపించారు. అసలు కోతి ముఖాన్నీ, బొమ్మలా గీసినదాన్నీ చూసినంతసేపు, అచ్చం అసలులా చేసిన కంప్యూటర్ ముఖాన్ని అవి చూడలేదు. అంటే ఈ జంకు సినిమాలు నేర్పింది కాదు.

షాపులో మాత్రం ఇంకో వివరణే బాగా అతుకుతుంది: ఒకే ముఖంలో పొత్తు కుదరని గుర్తులు. మెరిసే చర్మం, దుమ్ము పట్టిన కన్ను. ఒకవైపు కనురెప్ప వెంట్రుకలు ఊడితే రెండోవైపూ పీకేయండి. కళ్లకి టేపు వేసి, 400 నంబరు వాటర్ పేపరుతో (తడిపి రుద్దే గరుకు కాగితం) తేలిగ్గా రుద్ది, మెరుపు తగ్గించే మ్యాట్ క్లియర్ స్ప్రే పలచగా రెండు పూతలు కొట్టండి. ముసురులో కొడితే పూత తెల్లబారుతుంది. కింది నుంచి పడే లైటు తీసేసి ముందువైపు పైన పెట్టండి, తల రోడ్డు మీదకి కాక పైట వైపు తిప్పండి. విగ్గుకి నిజం మల్లెపూలు పెట్టొద్దు. పువ్వు వాడేసరికి ముఖం మరీ శవంలా ఉంటుంది.

పొందూరు ఖద్దరు చొక్కాలకైతే తల లేని మొండెం బొమ్మ చాలు.